విశ్రాంతికి కొసరు

నా జీవితంలో నేను ఆడిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. డాక్టరు మా అప్పకి పదిహేను రోజులు విశ్రాంతి రాశాడు. నేను దాన్ని ఆరు నెలలు చేశాను, అదీ ఫీజు మీద పైసా అదనంగా ఇవ్వకుండా. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ బజారులో ఒక చిన్న కాగితం మీద అంత కొసరు రాబట్టిన వ్యాపారి నాకు ముందు లేడు, తర్వాతా లేడు.

అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. మా ఊళ్ల నుంచి రైల్వే పనులకి వచ్చినవాళ్ల వెనకే, వాళ్లకి చింతపండూ ఎండుమిరపకాయలూ ఉప్పుడుబియ్యమూ అమ్ముకుంటే బతకొచ్చని వచ్చిన కుటుంబం మాది. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోయి అప్ప మా ఇంటికి తిరిగొచ్చింది. నాన్న పోయాక కొట్టు గద్దె మీద ఆవిడే కూర్చుంది. నన్ను పెంచిందీ ఆవిడే, తూకం నేర్పిందీ ఆవిడే. చింతపండు బస్తా వస్తే ముందు బొటనవేలితో నొక్కించేది. నొక్కిన గుంట నొక్కినట్టే ఉండి, వేలికి చెమ్మ తగిలితే సరుకు మీద నీళ్లు చల్లారని అర్థం. "కాటా అబద్దం సెప్పదురా, కాటా మీదెక్కిందే సెప్తాది," అనేది. ఇంత చదువు చదివినవాణ్ణి.

మా బజారులో బోణీ అంటే అప్ప చేతి బోణీ. లోకో షెడ్డు వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు ఆవిడ గద్దె మీదికి వచ్చేదాకా సంచులు పట్టుకుని నిలబడేవారు. పక్క బట్టల కొట్టు సేఠ్ కూడా కొత్త తాను విప్పేముందు ఆవిడ చేత ఒక జేబురుమాలు కొనిపించేవాడు. అయితే బోణీకి మా ఇంట్లో ఒక నియమం ఉంది. మా కొట్టు ముందు మురుగుకాలవ దాటి మూడు రాతిమెట్లున్నాయి. బోణీ చేసే మనిషి ఆ మూడు మెట్లూ తన కాళ్లతో ఎక్కాలి. ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఎక్కితే ఆ రోజు బేరం కూడా ఇంకొకరి చేతిలోకే పోతుందట. మా నాన్న ఆఖరి రోజుల్లో అప్పా నేనూ పట్టుకుని ఎక్కించబోతే మొదటి మెట్టు మీదే ఆగి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ కొట్టుకి రాలేదు.

ఎనభైలు ముగిసే రోజుల్లో ఒక వానాకాలం అప్ప పాదాలు వాచాయి. పొద్దున్నే కళ్ల కింద కూడా ఉబ్బు. సదర్ బజార్ దగ్గర ఒక పెద్దాయన క్లినిక్‌కి తీసుకెళ్లాను. రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, బీపీ చాలా ఏళ్లుగా కిడ్నీలని తినేస్తోందన్నాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి. మాత్రలు రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, పప్పు కాస్త తగ్గించమన్నాడు. వాపు తీసేదాకా పదిహేను రోజులు బరువు పనులు మాని విశ్రాంతిగా ఉండమన్నాడు.

మేం వ్యాపారస్తులం. ఎవరైనా ఒక అంకె చెబితే దాన్ని అలాగే తీసుకోవడం మాకు నామోషీ. ఉప్పు తగ్గించమంటే పూర్తిగా మానిపించాను. పప్పు కాస్త తగ్గించమంటే కందిపప్పు డబ్బానే వంటింట్లోంచి కొట్టుకి పంపేశాను. పదిహేను రోజులు మంచిదైతే నెల ఇంకా మంచిది, మూడు నెలలు మరీ మంచిది. అక్కడే సదర్ బజార్‌లో నవారు మంచం ఒకటి బేరమాడాను. చెప్పిన ధరలో సగానికి తెగ్గొట్టి, అది చాలదన్నట్టు కొసరుగా ఒక ఇత్తడి గంట కూడా లాక్కున్నాను. మంచం మీది నుంచి అప్ప గంట కొడితే మంచినీళ్లు వస్తాయి. మళ్లీ కొడితే కాఫీ వస్తుంది. మరుగుదొడ్డి దాకా నడవక్కర్లేకుండా గదిలోనే ఒక కుర్చీ ఏర్పాటు చేశాను. కొట్టు వెనక సందులోనే ఇల్లు కాబట్టి గంట మోగితే నేనే పరిగెత్తేవాణ్ణి. ఆ ఇంట్లో కండలు పెరిగిన మనిషి ఎవరైనా ఉంటే నేనే.

మొదటి నెల అప్ప సరదా పడింది. ముప్పై ఏళ్లు గద్దె మీద లేస్తూ కూర్చుంటూ ఉన్న మనిషి. రెండో నెలలో నసిగింది.

"ఒరే, ఇంక నాను కొట్టుకి ఎల్తాను."

"మూడు మెట్లు ఎక్కాలప్పా. ఇప్పుడొద్దు."

"ఎక్కకపోతే కాల్లు మర్సిపోవేటి?"

"కాళ్లు మర్చిపోతాయా ఎక్కడైనా? నువ్వేమైనా బళ్లో ఎక్కం చదువుతున్నావా?"

అప్పట్లో నేను చాలా తెలివిగా మాట్లాడానని అనుకున్నాను.

నా జాగ్రత్తకి రుజువులు కూడా ఉన్నాయి. సోమవారం సోమవారం ఇంట్లోని సరుకు గదిలో, బస్తాల కాటా మీద అప్పని తూచేవాణ్ణి. నిలబడలేకపోతున్నప్పటి నుంచి పీట మీద కూర్చోబెట్టి, పీట తూకం తీసేసేవాణ్ణి. అంత నిఖార్సైన మనిషిని. తలుపు మీద సుద్దతో రాసేవాణ్ణి. యాభై రెండు, యాభై రెండు, యాభై రెండు, ఒక వారం యాభై మూడు. జబ్బుతో మనుషులు తీసిపోతారంటారు, మా అప్ప తులం కూడా తగ్గలేదని సేఠ్‌కి చెప్పి మురిసిపోయాను.

"ఏట్రా, నన్ను బస్తా నాగ తూస్తన్నావు. అమ్మీడానికేటి?" అనేది అప్ప.

మా ఆవిడ ఒకనాడు సూదీ దారం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏవండీ, వదిన జాకెట్టు చేతులు వదులైపోనాయి. ఇదివరకే ఓపాలి కుట్టేసినాను. ఇది రెండోపాలి."

"కాటా యాభై రెండు చెబుతోంది," అన్నాను.

"జాకెట్టు అలా సెప్పట్లేదు మరి."

"కాటా కంటే నీ సూదికి ఎక్కువ తెలుసా?"

సూదికే ఎక్కువ తెలుసు. కానీ ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇంకా రెండు నెలలు పట్టింది.

ఈలోగా రెండోసారి రక్తం పరీక్ష చేయించాను. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ అనే అంకె కాస్త తగ్గింది. నేను అంకెల మనిషిని. తగ్గిందంటే బాగుపడుతున్నట్టే కదా. జిలేబీలు తెచ్చి బజారంతా పంచాను. చివరికి మంచం అమ్మినవాడికి కూడా ఒక పొట్లం పంపాను. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. లాభం వస్తున్న కొట్టుకి తనిఖీ ఎందుకు?

జనవరిలో, మా ఆవిడ పుట్టింటికి వెళ్లినప్పుడు, ఒక ఉదయం చాలాసేపు గంట మోగలేదు. అప్ప నిద్రపోతోందని సంతోషించి బోణీ నేనే చేసుకున్నాను. ఇంటికి వెళ్లి చూస్తే అప్ప నేల మీద, మంచం కోడుకి ఆనుకుని కూర్చుని ఉంది. దెబ్బలేం తగల్లేదు. మొహం మాత్రం గోడ వైపు పెట్టుకుంది.

"ఏమైంది?"

"గంట కింద పడిపోనాది. తీద్దారని దిగినాను. అదేమో మంచం కిందకి దొర్లిపోనాది. నాను లెగలేకపోనాను."

"ఎంతసేపయింది?"

"పాలవోడు వచ్చి ఎల్లిపోనాడు. పిలిసినాను, ఆడికి ఇనపడ్డాదో నేదో."

పాలవాడు వచ్చేది ఆరింటికి. నేను ఇంటికి వచ్చింది ఎనిమిదికి. అవసరమైతే పిలవడానికని తెచ్చిన గంట, అవసరం వచ్చిన ఒక్కసారీ తనే మంచం కింద దాక్కుంది. చంకల కింద చేతులు వేసి లేపుతుంటే నాకు మొదటిసారి అనుమానం తగిలింది. యాభై రెండు కిలోల బస్తాని నేను ఎన్నోసార్లు ఎత్తాను. బస్తా కూడా కొంత బిగువుగా ఉంటుంది. అప్ప చేతుల్లో ఏమీ లేదు, ఎముక మీద వేలాడుతున్న చర్మం తప్ప.

మంచం మీద పడుకోబెట్టాక అంది. "నాన నాగే నాను కూడా మెట్టు కాడ నుంచి ఎనక్కి ఎల్లిపోవాల. అంతేనేటి?"

నేను మంచం కిందికి దూరి గంట తీశాను. ఆవిడ మొహం గోడ వైపే ఉంది.

రిక్షాలో క్లినిక్‌కి తీసుకెళ్లాను. పెద్దాయన తీర్థయాత్రలకి వెళ్లాడు. ఆయన కుర్చీలో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. హిందీలో మాట్లాడాడు. అప్పని కుర్చీలో కూర్చోబెట్టి, "చేతులు గుండెల మీద కట్టుకుని లేవండి అమ్మాజీ," అన్నాడు. అప్ప ముందుకి వంగింది. కాళ్లు వణికాయి. మూడుసార్లు ప్రయత్నించి కూర్చుండిపోయింది. బజారుకి బోణీ చేసే మనిషి ఒక కుర్చీలోంచి లేవలేకపోయింది.

నేను నా కాగితాలు తీశాను. సుద్ద అంకెలన్నీ బయల్దేరేముందే కాగితం మీదికి ఎక్కించుకున్నాను. "డాక్టర్ సాబ్, బరువైతే తగ్గలేదు," అన్నాను.

"అచ్ఛా," అని ఆయన అప్ప మోకాలి కింద బొటనవేలితో నొక్కి వదిలాడు. గుంట పడింది. నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. తర్వాత ఆవిడ భుజం కింద చేతిని పట్టుకున్నాడు. ఆయన బొటనవేలూ మధ్యవేలూ ఒకదానికొకటి తగిలాయి.

అప్ప తన కాలి మీది గుంట వైపే చూస్తోంది. డాక్టరు చెప్పకముందే తెలుగులో, నాకు మాత్రమే అంది.

"ఒరే. తడిపిన సరుకురా ఇది. ఆర్నెల్ల నుంచి నువ్వు నీల్లు తూస్తన్నావు."

పాతికేళ్లుగా ఏ చింతపండు వ్యాపారీ నన్ను అలా మోసం చెయ్యలేదు. ఆ మోసం నాకు నేనే చేసుకున్నాను. కండ ఎంత పోతోందో అంత నీరు వచ్చి చేరుతోంది, కాటా పాపం ఎక్కిందే చెబుతోంది.

డాక్టరుకి హిందీలో చెప్పాను. ఆయన నవ్వలేదు. పాత చీటీ అడిగి చదివాడు. "ఇందులో పదిహేను రోజులని ఉంది."

"ఎక్కువైతే ఇంకా మంచిదని..."

"మాత్రలు కూడా అలాగే వేశారా? ఒకటి రాస్తే పన్నెండు?"

"వెయ్యలేదు సాబ్."

"ఎందుకని?"

అప్ప నా వైపు చూసింది. ఆవిడ మొహం మీద ఆ పూట మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది.

ఆఖరి ఆశగా రక్తం రిపోర్టు తీశాను. అంకె తగ్గిందన్నాను. జిలేబీల సంగతి చెప్పలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆ క్రియాటినిన్ అనేది కండల్లోంచే పుడుతుంది, కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. కండే కరిగిపోతే అది పుట్టడమూ తగ్గుతుంది. అంకె తగ్గినంత మాత్రాన కిడ్నీ బాగుపడిందని కాదు. నేను దాన్ని అప్పకి తెలుగులో చెప్పబోయాను.

"తెలిసిందిలేరా," అంది. "కొట్టు మూసెస్తే సెత్త తగ్గదేటి. ఆ మాత్రానికి నువ్వు మిఠాయి పంచినావు."

తర్వాత డాక్టరు లెక్క మార్చాడు. నీరు తగ్గడానికి మాత్రలు. ఉప్పు తక్కువగానే. పప్పు పూర్తిగా మానెయ్యడం కాదు, కొలిచి రోజూ ఒక చిన్న కటోరా, దాంతో ఒక గుడ్డు. అన్నిటికంటే ముందు కాళ్లకి పని. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతులతో చిన్న బరువులు ఎత్తడం, వాపు తీశాక నడక. ఆయాసం వచ్చినా, గుండెలు బరువెక్కినా, వాపు ఉన్నట్టుండి పెరిగినా ఆపేసి తన దగ్గరికి రావాలి.

"లేచి కూర్చోవడం రోజుకి ఇరవైసార్లు," అన్నాడు.

"నాలుగు," అంది అప్ప హిందీలో. ఆ మాట ఆవిడ గద్దె మీది గొంతుతో అంది. ఆరు నెలల తర్వాత ఆ గొంతు విన్నాను.

"పదిహేను అమ్మాజీ. మీ మంచికే."

"ఐదు. కాల్లు నావి."

చివరికి ఎనిమిది దగ్గర తెగింది, మధ్యమధ్యలో ఆగుతూ. అప్ప గెలిచానన్నట్టు నా వైపు చూసింది. చాన్నాళ్ల తర్వాత కాంపౌండరు చెప్పాడు, ఆయన మొదట్లో అందరికీ ఆరే రాస్తాడట. కొట్ల వాళ్లొస్తే మాత్రం ఇరవై నుంచి మొదలుపెడతాడట.

ఇంట్లో మొదటి చిక్కు కుర్చీ. ఉన్న కుర్చీలోంచి అప్ప లేవలేకపోతోంది, డాక్టరేమో మొదట ఎత్తైన చోటి నుంచి లేవమన్నాడు. సరుకు గదిలో ఉప్పుడుబియ్యం బస్తాలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఆ ఎత్తు మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేను నిలబడ్డాను. మొదటిరోజు రెండుసార్లు లేచింది. మూడోసారి సగం లేచి కూలబడింది.

"మూడు," అన్నాను.

"సగం లెగిస్తే మూడెలా అయింది? రెండూ సగం. నాకు తూకంలో మొగ్గు ఎయ్యకు."

వారం తర్వాత ఎనిమిదీ నిండాయి. చేతుల కోసం కొట్లోంచి అరకిలో తూకం రాళ్లు రెండు తెచ్చాను. కూర్చుని అవి పైకి ఎత్తి దించేది. నెల పోయాక కిలో రాళ్లు. కొట్లో ఆ రాళ్లు ఖాళీ లేక నేను కిలో అడిగినవాళ్లకి రెండు అరకిలోలుగా తూచి ఇచ్చేవాణ్ణి. కారణం చెబితే షెడ్డు ఆడవాళ్లు నవ్వేవారు. "మీ అప్ప కుస్తీకి ఎల్తాదేటి బాబూ?" అని అడిగేవారు.

మందులకి నీరు దిగింది. సోమవారం తూకం నలభై ఐదు చూపించింది. ఆ అంకె చూసి నేను పీట మీద నేనే కూర్చుండిపోయాను. ఏడు కిలోల నీళ్లని నేను అప్ప అనుకున్నాను.

అనుకున్న పద్ధతి ఏమిటంటే, కాళ్లకి బలం వచ్చేకొద్దీ ఎత్తు తగ్గించాలి. రెండు బస్తాల నుంచి ఒకటిన్నరకి, ఒకటిన్నర నుంచి ఒకటికి. ఫిబ్రవరిలో ఒక గార్డుగారింట్లో పెళ్లి. ఆయన పక్క స్టేషను ఉస్లాపూర్ నుంచి వచ్చి నిండు బస్తా బియ్యం అడిగాడు. మంచి ధర వచ్చింది, ఇచ్చేశాను. సాయంత్రం ఇంటికి వెళితే అప్ప గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఒరే, నా కుర్సీ అమ్మేసినావా?"

నిజమే, అమ్మేశాను. మర్నాడు సగం బస్తా మీద ఇంకో బస్తా వేసి ఒకటిన్నర చేశాను. అనుకున్నదానికంటే రెండు వారాల ముందే ఎత్తు తగ్గింది. రెండు రోజులు తిట్టుకుంటూ, నాలుగేసి సార్లతో సరిపెట్టుకుని, మూడోరోజు నుంచి మళ్లీ ఎనిమిది లేచింది. ఆ విధంగా నా దురాశ ఒక్కసారి ఎవరికో పనికొచ్చింది.

వేసవిలో సందు చివరిదాకా నడక. నవారు మంచం గోడకి నిలబెట్టేశాం. రాత్రి మాత్రమే వాల్చేవాళ్లం. గంట మాత్రం అప్ప వదల్లేదు. ఇప్పుడు దాన్ని లేచి నిలబడి కొట్టేది. నేను పరిగెత్తుకొస్తే, "ఏం నేదు, నువ్వొస్తావో రావో సూసినాను," అనేది. మధ్యలో రక్తం అంకె ఒకసారి కాస్త పెరిగితే నేను మళ్లీ మంచం వాల్చబోయాను. డాక్టరు ఆపాడు. మిగతా పరీక్షలూ వాపూ బీపీ అన్నీ చూసి, ఇది కండ తిరిగొస్తున్న పెరుగుదల కావచ్చు, కంగారు పడకుండా నెలకోసారి చూద్దాం అన్నాడు. ఈసారి నేను కొసరు అడగలేదు. నెల అంటే నెలకే వెళ్లాను.

సెప్టెంబరులో, షెడ్డులో విశ్వకర్మ పూజ రోజు పొద్దున్న, అప్ప సందులోంచి బజారులోకి నడిచి వచ్చింది. మా ఆవిడ రెండడుగుల వెనక ఉంది, చెయ్యి ఇవ్వడానికి వీల్లేదని అప్ప ముందే మాట తీసుకుంది. నేను మెట్ల పక్కన నిలబడ్డాను. సేఠ్ తన కొట్లోంచి బయటికి వచ్చాడు.

మొదటి మెట్టు ఎక్కింది. నాన్న ఆగిన మెట్టు అది. రెండోది ఎక్కి ఊపిరి తీసుకుంది. మూడో మెట్టు మిగతావాటి కంటే ఎత్తు, ఎవడో తాపీవాడి పుణ్యం. కాలు పెట్టింది, లేవలేదు. మళ్లీ పెట్టింది. నా చెయ్యి దానంతట అదే ముందుకెళ్లింది.

"ముట్టుకోకు," అంది.

పక్క గోడ మీద అరచెయ్యి ఆనించి, ఎక్కేసింది. గడప దగ్గర నా వైపు తిరిగి, నేనేమీ అడగకముందే అంది. "గోడ మనిషి కాదు కదేటి."

అరవై ఏళ్లుగా మా ఇంట్లో ఉన్న నియమాన్ని ఆవిడ ఒక్క మాటతో అంత బేరమాడేసింది. నేను సరేనన్నాను.

గద్దె ఎక్కి కూర్చుంది. షెడ్డు ఫిట్టరుగారి భార్య పావుకిలో చింతపండు అడిగింది. అప్ప బస్తాలో చెయ్యి పెట్టి, అలవాటుగా బొటనవేలితో నొక్కింది. నొక్కి, ఆగింది.

"ఇది తడిసినాదిరా. ఎవులు కొన్నారిది?"

కొన్నవాణ్ణి నేనే. ఆవిడ లేని పధ్నాలుగు నెలలూ సరుకు కొన్నది నేనే.

ఇక బిల్లు. అప్ప ఆ తర్వాత నాలుగేళ్లు బోణీ చేసింది. కిడ్నీలు బాగుపడలేదు. వ్యాయామం వాటిని బాగుచేస్తుందని డాక్టరు ఎన్నడూ చెప్పలేదు, అవి తమ దారిన నెమ్మదిగా పోతూనే ఉన్నాయి. కానీ మరుగుదొడ్డికి తనే వెళ్లింది, తన జాకెట్టు తనే తొడుక్కుంది, బస్తా మీది నుంచి తనే లేచింది. ఆఖరి మూడు వారాలు మాత్రమే ఇంకొకరి చేతుల మీద ఉంది. పోయిన కాలి బలం అంతా తిరిగి రాలేదు, మూడో మెట్టుకి నాలుగేళ్లూ గోడ కావలసే వచ్చింది. ఆ గోడ నా ఖాతా. డాక్టరు ఇచ్చిన పదిహేను రోజులు పోను నేను కొసరుగా తెచ్చిన ఐదున్నర నెలలూ, అవి పూడ్చడానికి అప్ప బస్తాల మీద లేచి కూర్చున్న ఎనిమిది నెలలూ, మొత్తం పదమూడున్నర నెలల బోణీ నేను తినేశాను. అన్నీ కలిపితే ఆవిడకి దక్కింది నాలుగేళ్లు. దక్కవలసింది ఐదేళ్ల పైమాట.